ఏ ప్రోటోకాలు? ఎన్.ఎఫ్.ఎస్. మాన్యువల్‌పై ఒక పరిశీలన

మీ కళాశాల కంప్యూటరు ల్యాబులో నిన్న ఒక యంత్రం ముందు కూర్చుని ప్రోగ్రాము రాశారు. ఇవాళ ఆ సీటు వేరేవారికి దక్కింది. మీరు మూలనున్న మరో యంత్రం దగ్గరికి వెళ్ళి లాగిన్ అయ్యారు. నిన్నటి ఫైలు అక్కడా ఉంది! దాన్ని ఎవరూ మోసుకురాలేదు. నిజానికి అది ఆ రెండు యంత్రాల్లో దేనిలోనూ లేదు. వేరే గదిలో ఉన్న సర్వరు డిస్కు మీద ఉంది. మీ ముందున్న యంత్రం దాన్ని తన సొంత డిస్కు మీది ఫైలులా చూపిస్తోంది, అంతే.

యూనిక్స్, లినక్స్ ల్యాబుల్లో చాలాచోట్ల ఈ పని చేసేది నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, క్లుప్తంగా ఎన్.ఎఫ్.ఎస్. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1985లో తన సన్ ఓ.ఎస్. 2.0తో దీన్ని బయటికి తెచ్చింది. దాని రెండవ వెర్షను వివరాలు 1989 మార్చిలోనూ, మూడవ వెర్షను వివరాలు 1995 జూన్‌లోనూ ఆర్.ఎఫ్.సి. పత్రాలుగా వెలువడ్డాయి. నాలుగవ వెర్షను 2000 సంవత్సరంలో వచ్చింది. అది ఈనాటికీ వాడుకలో ఉంది.

ఎన్.ఎఫ్.ఎస్. మంచి వ్యవస్థే. ఇక్కడ మనం పరిశీలించబోయేది దాన్ని వాడేవారికి దారి చూపవలసిన మాన్యువల్‌ను. లినక్స్ మాన్యువల్ 5వ విభాగంలో ఎన్.ఎఫ్.ఎస్. మీద ఒక పొడవైన పేజీ ఉంది. అందులో రెండు మాటలు మాటిమాటికీ ఎదురవుతాయి. ఒకటి ప్రోటోకాలు, రెండవది ట్రాన్స్‌పోర్టు. ఈ రెండూ ఎక్కడికక్కడ అర్థం మార్చుకుంటాయి. అలవాటుపడ్డ ఇంజనీరు సందర్భాన్ని బట్టి సర్దుకుంటాడు. కొత్తగా నేర్చుకునే విద్యార్థి మాత్రం తప్పు అర్థం తీసుకుని, అదే సరైనదనుకుని ముందుకు పోతాడు. దానివల్ల వచ్చే నష్టం పరీక్షలో పోయే రెండు మార్కులతో ఆగదు. ఫైలులోని సమాచారమే పాడుకావచ్చు. అది ఎలాగో అంచెలంచెలుగా చూద్దాం.

చీటీ, కవరు, మనిషి, దారి

మీరు పట్నంలోని గ్రంథాలయానికి ఒక చీటీ పంపారనుకోండి. "ఫలానా పుస్తకంలో 40వ పేజీ నుంచి ఎనిమిది పేజీల నకలు పంపండి" అని అందులో రాశారు. చీటీ ఏ పద్ధతిలో రాయాలో గ్రంథాలయం ముందే నియమం పెట్టింది. చీటీని కవరులో పెట్టి, కవరు మీద ఒక వరుస సంఖ్య వేశారు. వచ్చిన జవాబు ఏ చీటీకో తెలియాలి కదా! ఆ కవరును ఒక మనిషి చేతికిచ్చారు. అతడు ఒక దారి పట్టి వెళ్ళాడు.

ఎన్.ఎఫ్.ఎస్.లో జరిగేదీ ఇదే. "ఈ ఫైలులో ఇక్కడి నుంచి 8,192 బైట్లు చదివి పంపు" అన్న కోరిక చీటీ వంటిది. అది ఎన్.ఎఫ్.ఎస్. ప్రోటోకాలు. ఆ చీటీని మోసే కవరు పేరు రిమోట్ ప్రొసీజర్ కాల్, అంటే ఆర్.పి.సి. ప్రతి కోరికకూ ఒక సంఖ్య వేసి, జవాబును దానితో జతపరిచేది ఇదే. కవరును తీసుకువెళ్ళే మనిషి ట్రాన్స్‌పోర్టు ప్రోటోకాలు. టి.సి.పి., యు.డి.పి. అనేవి అటువంటి ఇద్దరు మనుషులు. అతడు నడిచే దారి ఇంటర్నెట్ ప్రోటోకాలు, అంటే ఐ.పి. ఈ దారిలో పాతది నాలుగవ వెర్షను, కొత్తది ఆరవ వెర్షను.

ఇద్దరు మనుషుల స్వభావాలూ వేరు. యు.డి.పి. నిర్వచనాన్ని జాన్ పోస్టెల్ 1980 ఆగస్టులో మూడు పేజీల పత్రంలో ఇచ్చారు. ఈ మనిషి కవరు తీసుకుని బయలుదేరతాడు. చేరిందో లేదో వెనక్కి వచ్చి చెప్పడు. పోయినా మళ్ళీ వెళ్ళడు. 1981 సెప్టెంబరు పత్రం నిర్వచించిన టి.సి.పి. అలా కాదు. ముందు అవతలివారితో కనెక్షను కుదుర్చుకుంటాడు. ప్రతి బైటుకూ లెక్క ఉంచుతాడు. పోయినదాన్ని తిరిగి పంపుతాడు. దారిలో రద్దీ కనిపిస్తే వేగం తగ్గిస్తాడు.

ఇప్పుడు గమనించండి. చీటీ, కవరు, మనిషి, దారి ఈ నాలుగూ ప్రోటోకాళ్ళే! "ఏ ప్రోటోకాలు వాడుతున్నావు?" అని మిమ్మల్ని ఎవరైనా అడిగితే సరైన జవాబులు నాలుగు ఉంటాయి. అందుకే ఏ అంతస్తో చెప్పకుండా 'ప్రోటోకాలు' అన్న మాటను ఒంటరిగా వాడకూడదు. మాన్యువల్ తప్పటడుగు వేసింది సరిగ్గా ఇక్కడే.

పేర్లలోనే పొరపాటు

ఎన్.ఎఫ్.ఎస్.ను మౌంటు చేసేటప్పుడు ఇవ్వగల ఆప్షన్లలో 'ఎన్‌ఎఫ్‌ఎస్‌వెర్స్' ఒకటి. ఎన్.ఎఫ్.ఎస్. ప్రోటోకాలు ఎన్నో వెర్షను కావాలో దానితో చెబుతాం. అంటే చీటీ సంగతి. మరొకటి 'ప్రోటో'. పేరు చూస్తే ఇదీ ప్రోటోకాలు గురించే. కాని ఈసారి ఆ మాటకు అర్థం మనిషి. టి.సి.పి. కావాలా, యు.డి.పి. కావాలా అన్నది ఇక్కడ చెప్పాలి. ఒకే పేజీలో, ఒకే వరుసలో ఉన్న రెండు ఆప్షన్లలో ఒకే మాట రెండు అంతస్తులను సూచిస్తోంది.

'మౌంట్‌ప్రోటో' అన్న ఆప్షను చిక్కును ఇంకా పెంచుతుంది. రెండవ, మూడవ వెర్షన్లలో మౌంటు అనేదే ఒక ప్రత్యేకమైన ప్రోటోకాలు. ఎన్.ఎఫ్.ఎస్. ఆర్.పి.సి. ప్రోగ్రాము సంఖ్య 100003 అయితే, మౌంటుది 100005. కనుక 'మౌంట్‌ప్రోటో' అంటే మౌంటు ప్రోటోకాలును ఎంచుకోవడం అని విద్యార్థి అనుకుంటే అతడి తప్పేముంది? నిజానికి ఆ ఆప్షను చెప్పేది మౌంటు సేవ దగ్గరికి ఏ ట్రాన్స్‌పోర్టు మీద వెళ్ళాలో మాత్రమే.

'ప్రోటో' ఇవ్వకపోతే ఏమవుతుందో చెప్పే చోట మరో తమాషా ఉంది. సర్వరు ఏయే ప్రోటోకాళ్ళను ఒప్పుకుంటుందో కనుక్కుని, ఒక్కొక్క సేవకూ తగిన ట్రాన్స్‌పోర్టును మౌంటు కమాండు ఎంచుకుంటుందన్నది అక్కడి భావం. వాక్యం మొదట్లో ప్రోటోకాలుగా ఉన్నది చివరికి వచ్చేసరికి ట్రాన్స్‌పోర్టు అయింది. వస్తువు మారలేదు, పేరు మారింది. కథలో ఒకే పాత్రను రెండు పేర్లతో పిలిస్తే అందంగా ఉండవచ్చు. మాన్యువల్‌లో అలా చేస్తే పాఠకుడు ఇద్దరున్నారనుకుంటాడు.

ఆరు అన్న అంకె ఎవరిది?

'ప్రోటో' ఆప్షనుకు ఇచ్చే విలువల్లో టి.సి.పి., యు.డి.పి. ఉంటాయి. వాటి చివర 6 చేర్చినవీ ఉంటాయి. టి.సి.పి.6 అన్న పేరు చూడగానే ఇది టి.సి.పి.లో ఆరవ వెర్షను అనిపిస్తుంది. అటువంటిదేదీ లేదు. మనిషి అతడే, దారి మారింది. ఆరు అన్న అంకె దారిది, అంటే ఐ.పి. ఆరవ వెర్షనుది.

ఇలా మనిషినీ దారినీ కలిపి చెప్పే గుర్తును నెట్‌ఐడి అంటారు. ఈ గుర్తుల జాబితాకు 2010 జనవరిలో ఆర్.ఎఫ్.సి. 5665 ఒక పద్ధతి ఏర్పరచింది. 6తో ముగిసే పేర్లు ఐ.పి. ఆరవ వెర్షను చిరునామాలకు చెందినవని మాన్యువల్ కూడా ఒక వాక్యంలో సరిగానే చెప్పింది. కాని అదే పేరాలో నెట్‌ఐడి అంటే ట్రాన్స్‌పోర్టును నిర్ణయించేది అని కూడా రాసింది. అది సగం నిజం. అది ట్రాన్స్‌పోర్టునూ, దారినీ రెండింటినీ నిర్ణయిస్తుంది.

దీన్ని చక్కగా విడదీసి చూపే ఫైలు ఒకటి చాలా లినక్స్ యంత్రాల్లోనే ఉంది. 'ఈటీసీ' డైరెక్టరీలో 'నెట్‌కాన్ఫిగ్' అన్న చిన్న ఫైలు అది. అందులో ఒక్కో నెట్‌ఐడికి ఒక్కో వరుస. టి.సి.పి.6 వరుస చూడండి. ప్రోటోకాలు కుటుంబం గడిలో 'ఐనెట్6' అని, ప్రోటోకాలు పేరు గడిలో 'టి.సి.పి.' అని ఉంటుంది. దారి ఒక గడిలో, మనిషి మరో గడిలో! మాన్యువల్ పేరాలు చేయలేని పనిని ఈ చిన్న పట్టిక చేసింది.

ఇదే వరుసలో 'ఆర్.డి.ఎం.ఏ.' అన్న విలువ కూడా కనిపిస్తుంది. ఒక యంత్రం మెమరీలోంచి మరో యంత్రం మెమరీలోకి, ప్రాసెసరుకు పెద్దగా పని పెట్టకుండా, సమాచారాన్ని నేరుగా చేర్చే పద్ధతి ఇది. దీన్ని టి.సి.పి., యు.డి.పి.ల పక్కన చూస్తే ఇతడు మూడవ మనిషి అనిపిస్తుంది. అసలు సంగతి వేరు. ఆర్.డి.ఎం.ఏ. ఇన్ఫినీబ్యాండ్ మీద నడవవచ్చు. ఐవార్ప్ పద్ధతిలో అయితే దాని అడుగున ఉండేది టి.సి.పి.నే. రోసీ రెండవ వెర్షనులో అడుగున ఉండేది యు.డి.పి. అంటే ఆర్.డి.ఎం.ఏ. అని ఎంచుకున్నంత మాత్రాన టి.సి.పి.ని, యు.డి.పి.ని వదిలేశామని చెప్పలేం. ఆర్.పి.సి. దృష్టిలో మాత్రం అదీ ఒక ట్రాన్స్‌పోర్టే. ఈ తేడాను మాన్యువల్ ఒక్క వాక్యంలో చెప్పి ఉండవలసింది.

పేరు తప్పితే ప్రమాదం ఎక్కడ?

"పేర్లదేముంది, పని జరిగితే చాలు కదా!" అని మీరు అనవచ్చు. అందుకే ఒక లెక్క చేద్దాం.

ఎన్.ఎఫ్.ఎస్. మొదట్లో యు.డి.పి. మీదే నడిచేది. రెండవ వెర్షనులో ఒక కోరికకు గరిష్ఠంగా 8,192 బైట్లు పంపవచ్చు. మామూలు ఈథర్నెట్ ఒక్కసారికి 1,500 బైట్ల పొట్లాన్నే మోస్తుంది. కాబట్టి ఒక్క జవాబు ఆరు ముక్కలవుతుంది. ముక్కలు చేసేదీ, అవతల అతికేదీ ఐ.పి. ఏ ముక్క ఏ జవాబుదో తెలియడానికి ఐ.పి. ఒక గుర్తు సంఖ్య వేస్తుంది. నాలుగవ వెర్షనులో ఆ సంఖ్యకు 16 బిట్లే ఉన్నాయి. అంటే 65,536 సంఖ్యలు అయిపోగానే మళ్ళీ మొదటికి రావాలి.

సెకనుకు కోటి బిట్లు పంపే పాత ఈథర్నెట్ మీద అన్ని సంఖ్యలూ అయిపోవడానికి ఏడు నిమిషాలకు పైగా పడుతుంది. వంద కోట్ల బిట్లు పంపే గిగాబిట్ ఈథర్నెట్ మీద సుమారు నాలుగున్నర సెకన్లు చాలు! లినక్స్ యంత్రం మామూలుగా ఒక ముక్కను, దాని తోటి ముక్కల కోసం 30 సెకన్లు అట్టే పెట్టుకుంటుంది. ఈలోగా అదే సంఖ్య ఆరుసార్లు తిరిగి రావచ్చు. పాత జవాబులో ఒక ముక్క పోయిందనుకోండి. మిగిలిన ముక్కలకు కొత్త జవాబులోని ముక్క వచ్చి అతుక్కుంటుంది. రామయ్య ఉత్తరంలో మూడవ పేజీ స్థానంలో సోమయ్య ఉత్తరంలోని మూడవ పేజీ చేరినట్టు!

యు.డి.పి.కి చెక్‌సమ్ అనే తనిఖీ ఉంది. చాలాసార్లు అది తప్పును పట్టుకుంటుంది. కాని దానికీ 16 బిట్లే. ఏ సంబంధమూ లేని ముక్కలు కలిసినా, 65,536లో ఒకసారి తనిఖీ సరిపోయినట్టే కనిపించవచ్చు. అప్పుడు మీ ఫైలులో తప్పుడు బైట్లు చేరతాయి. ఏ హెచ్చరికా రాదు.

మరి ఈ తప్పు ఎవరిది? చీటీది కాదు. కవరుది కాదు. మనిషిదీ పూర్తిగా కాదు. మూలం దారిలో ఉంది, ఐ.పి. నాలుగవ వెర్షను వేసే 16 బిట్ల సంఖ్యలో ఉంది. ఆరవ వెర్షనులో ముక్కల గుర్తు సంఖ్యకు 32 బిట్లు ఇచ్చారు. సంఖ్యలను వరుసగా వాడితే, అదే వేగంలో అవి అయిపోవడానికి మూడు రోజులకు పైగా పడుతుంది. అంటే యు.డి.పి.కీ, యు.డి.పి.6కూ మనిషి ఒకడే అయినా, ఈ ప్రమాదం విషయంలో రెండింటికీ ఎంతో తేడా ఉంది. నెట్‌ఐడి అంటే ట్రాన్స్‌పోర్టు మాత్రమే అని నేర్చుకున్న విద్యార్థికి ఈ తేడా ఎప్పటికీ అంతుపట్టదు. మనిషికీ దారికీ ఒకే పేరు పెట్టిన ఫలితం ఇది.

మాన్యువల్‌కు న్యాయం చేయాలి. వేగమైన లింకుల మీద యు.డి.పి. వాడితే సమాచారం చడీచప్పుడు లేకుండా పాడుకావచ్చని అది దాచకుండా చెప్పింది. లెక్కతో సహా వివరించింది. ఆ భాగం రాసినవారు అభినందనీయులు. కాని ఆ హెచ్చరిక పేజీలో ఎక్కడో దిగువన, ట్రాన్స్‌పోర్టు పద్ధతుల విభాగంలో ఉంది. ఆప్షను దగ్గర ఉన్నది, వాడేముందు ఆ విభాగం చూడండి అన్న సూచన మాత్రమే. బావి దగ్గర పెట్టవలసిన బోర్డు ఊరి చివర పెడితే ఎలా?

మళ్ళీ పంపేది ఎవరు?

'రీట్రాన్స్' అన్న ఆప్షను మరో ఉదాహరణ. పోయినదాన్ని ఎన్నిసార్లు తిరిగి పంపాలో ఇది చెబుతుంది. టి.సి.పి. తానే తిరిగి పంపుతుందని ఇంతకుముందే చదివాం కదా, మళ్ళీ ఈ ఆప్షను ఎందుకు?

జవాబు అంతస్తులో ఉంది. టి.సి.పి. తిరిగి పంపేది బైట్లను. ఈ ఆప్షను చెప్పేది కవరు సంగతి, అంటే ఆర్.పి.సి. కోరికను మొత్తంగా తిరిగి పంపడం. బైట్లన్నీ క్షేమంగా చేరినా సర్వరు జవాబు ఇవ్వకపోవచ్చు. అప్పుడు ఎంతసేపు ఆగాలో చెప్పేది 'టైమో'. టి.సి.పి. మీద దాని విలువ మామూలుగా 600. ఇది సెకనులో పదో వంతుల లెక్క కనుక 60 సెకన్లు. సెకన్లనుకుని 60 అని రాసినవారికి ఆరు సెకన్లే దక్కుతాయి!

ఒకే కోరిక రెండుసార్లు చేరితే ప్రమాదమూ ఉంది. "ఈ ఫైలు చదువు" అన్నది రెండుసార్లు చేరినా నష్టం లేదు. "ఈ ఫైలు తొలగించు" అన్నది రెండవసారి చేరితే, పని పూర్తయ్యాక కూడా ఫైలు లేదన్న తప్పు జవాబు వస్తుంది. అందుకే సర్వర్లు ఇటీవలి కోరికలను గుర్తుపెట్టుకునే ఏర్పాటును చెట్ జుస్‌జాక్ 1989లో యూసెనిక్స్ సమావేశంలో వివరించారు. కనెక్షను తెగితే తప్ప క్లయింటు కోరికను తిరిగి పంపరాదని నాలుగవ వెర్షను నియమం పెట్టింది. 'తిరిగి పంపడం' అన్న మాట పక్కన ఎవరు, దేన్ని అన్నది చెప్పకపోతే ఇవేవీ బోధపడవు.

పాత పాఠం, కొత్త కాలం

ఎన్.ఎఫ్.ఎస్. అంటే యు.డి.పి. అని పాత పుస్తకాల్లో చదివినవారు చాలామంది ఉన్నారు. సర్వరు క్లయింట్ల స్థితిని గుర్తుపెట్టుకోదు కనుక కనెక్షను కూడా ఉండదు అని కొందరు కారణం కూడా చెబుతారు. ఇది రెండు అంతస్తులను కలిపేయడం. స్థితి లేకపోవడం చీటీ స్వభావం. కనెక్షను ఉండటం, లేకపోవడం మనిషి స్వభావం. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన రిక్ మాక్లెమ్ రాసిన ఎన్.ఎఫ్.ఎస్. 1990లో బి.ఎస్.డి. యూనిక్స్ 4.3 రీనోతో వచ్చింది. అది టి.సి.పి. మీద కూడా నడిచింది. స్థితి లేని చీటీని కనెక్షను ఉన్న మనిషి చక్కగా మోశాడు.

నాలుగవ వెర్షను మరో అడుగు వేసింది. ఐ.పి. మీద నడిచేటప్పుడు రద్దీని గమనించి వేగం తగ్గించే ట్రాన్స్‌పోర్టునే వాడాలని శాసించింది. యు.డి.పి.కి ఆ గుణం లేదు కనుక అది తప్పుకుంది. 2020లో వచ్చిన లినక్స్ 5.6 కెర్నెల్లో, మనం ప్రత్యేకంగా కోరితే తప్ప, ఎన్.ఎఫ్.ఎస్. క్లయింటుకు యు.డి.పి. అందకుండా అమర్చారు. కనుక "ఎన్.ఎఫ్.ఎస్. ఏ ట్రాన్స్‌పోర్టు వాడుతుంది?" అన్న ప్రశ్నకు వెర్షను, సంవత్సరం చెప్పకుండా జవాబు రాయకండి.

తెలుగులో చెప్పి చూడండి

మాన్యువల్ ఎలా ఉండాలి? మా అభిప్రాయంలో మార్పులు చాలా చిన్నవి. ప్రోటోకాలు అన్న ప్రతిచోటా ముందు అంతస్తు పేరు ఉండాలి. నెట్‌ఐడి విలువలను పేరాలో కుక్కకుండా మనిషి, దారి అని రెండు గడుల పట్టికగా ఇవ్వాలి. తిరిగి పంపడం గురించి రాసినప్పుడు ఏ అంతస్తు పంపుతుందో చెప్పాలి. ప్రమాద హెచ్చరికలో ఒక్క వాక్యమైనా ఆప్షను పక్కనే ఉండాలి. 'ప్రోటో' అన్న పేరు ఎన్నో యంత్రాల్లో పాతుకుపోయింది కనుక దాన్ని మార్చలేరు. దాని వివరణను మార్చడానికి మాత్రం అడ్డేమీ లేదు.

అది జరిగేలోగా మీరు చేయగల పని ఒకటుంది. చదివిన వాక్యాన్ని తెలుగులో చెప్పి చూడండి. ఇంగ్లీషులో రెండు నామవాచకాలను పక్కపక్కన పెట్టి ఊరుకుంటే సరిపోతుంది. తెలుగులో విడమరచి చెప్పబోతే విభక్తి కావాలి. 'మౌంట్‌ప్రోటో' అంటే మౌంటు యొక్క నియమావళా? మౌంటు సేవను చేరడానికి వాడే రవాణా నియమావళా? ఏదో ఒకటి తేల్చుకోకుండా వాక్యం ముందుకు సాగదు. అలా తేల్చుకోలేకపోయారంటే లోపం మీ తెలివిలోనే ఉందని కుంగిపోకండి. అసలు వాక్యంలోనే అంతస్తు పేరు లేదేమో చూడండి.

ఈసారి ల్యాబుకు వెళ్ళినప్పుడు ఆ 'నెట్‌కాన్ఫిగ్' ఫైలు తెరవండి. ఒక్కో వరుసలో మనిషి ఎవరో, దారి ఏదో కాగితం మీద రాసుకోండి. తర్వాత మాన్యువల్ పేజీ తీసి, ప్రోటోకాలు అన్న మాట కనిపించిన ప్రతిచోటా చీటీ, కవరు, మనిషి, దారి ఈ నాలుగింటిలో ఒకటి పెన్సిలుతో రాయండి. ఎక్కడ రాయలేకపోతారో, ఆ మాన్యువల్‌ను దిద్దవలసిన చోటు అదే. లినక్స్ మాన్యువల్ పేజీలను దిద్దడానికి ఎవరైనా సవరణలు పంపవచ్చు. ఆ సవరణ మీరే ఎందుకు పంపకూడదు?